డాబ్సన్ దొర గీత దాటలేదు

నాకు పేరిశెట్టి దివాకరం గారి మీద కోపం. ఇంకెవరి మీదా లేదని కాదు. వరసలో ఆయన ముందున్నాడు. ఆయన లంచం అడగలేదు, నన్ను ఒక్క మాట అనలేదు, గుమ్మంలో కనిపించిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. అందుకే కోపం ఎక్కువ. తిట్టే మనిషినైతే తిరిగి తిట్టి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. కళ్ళజోడు తుడుచుకుని "మీ త్యాగం చరిత్రలో నిలిచిపోతుంది అసిరినాయుడు గారూ" అనే మనిషిని ఏం చెయ్యాలో మా బడిలో చెప్పలేదు. చెప్పారేమో కూడా, నేను ఏడో తరగతి మధ్యలోనే జూటు మిల్లులో నూలు తీసే పనికి వెళ్ళిపోయాను.

మాది నీలాడపేట. మిల్లు ఉన్నన్నాళ్ళూ ఊరు ఉంది. మిల్లు మూసేశాక మిగిలినవి మూడు: పొగగొట్టం, పెచ్చులూడిన క్లబ్బు, దాని వెనక ఫుట్‌బాల్ మైదానం. మిల్లు వాళ్ళు లెక్క తేల్చి చేతిలో పెట్టిన డబ్బుతో నేను ఆ మైదానం పక్కనే మెట్ట కొన్నాను. సరుగుడు వేశాను. సరుగుడు నాలుగేళ్ళు ఆగితే కోతకొస్తుంది. ఆ కోత అమ్మి మా ఇంటి రేకులు తీసేసి స్లాబు వెయ్యాలని మా ఆవిడ పోలమ్మ గోడ మీద బొగ్గుతో గదులు కూడా గీసి పెట్టుకుంది. నాకు ఈ భూమ్మీద ఉన్న ఆస్తి అదొక్కటే. ఈ కథంతా దాని గురించే, మధ్యలో ఇంగ్లండు వచ్చినా సరే.

మా ఊరి ఫుట్‌బాల్‌కి ఒక అలవాటుంది. అవతలి జట్టువాడు బంతితో మా వెనక ఆటగాళ్ళని దాటి వెళ్ళాడంటే మావాళ్ళు వాడి వెంట పరిగెత్తరు. ఉన్నచోట నిలబడి కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తుతారు. ఎత్తి, రిఫరీ వైపు చూస్తారు. రిఫరీ మా వైపు చూడడు. ఈలోగా వాడు వెళ్ళి గోలు కొట్టుకుంటాడు. చుట్టుపక్కల ఏ పోటీకి వెళ్ళినా మా జట్టు ఓడిపోయేది ఇందుకే. తాతలు ఎత్తారు, తండ్రులు ఎత్తారు, ఇప్పుడు ఆటో నడుపుకునే మా కెప్టెన్ బోనెల తవిటినాయుడూ ఎత్తుతున్నాడు. ఎందుకురా అని అడిగితే, "ఎత్తకపోతే ఎలాగుంతాదో మాకు తెల్దు మావా" అంటాడు.

ఒకరోజు సాయంత్రం తెల్లటి జీపు మైదానం పక్కన ఆగింది. అందులోంచి దివాకరం గారు దిగి, చేతులెత్తి నిలబడిన మావాళ్ళని చాలాసేపు చూశాడు. సరుగుడుకి నీళ్ళు పెడుతున్న నన్ను పిలిచాడు.

"వీరు ఎవరికి లొంగిపోతున్నారు?" అన్నాడు.

"ఎవరికీ లొంగరు బావూ. ఓడిపోతన్నారు. మాకిది మామూలే."

"ఈ ఆచారానికి మూలపురుషులు?"

"డాబ్సన్ దొర. మిల్లులో దొర. మా తాత గోల్‌కీపరు, ఆ దొర మా తాత ముందర ఆడీవోడు. ఇంగిలీసోడు. ఆ దేశంలో పెద్ద జట్టులో ఆడినాడట."

ఆయన నా చేతులు పట్టుకున్నాడు. బురద చేతులు. అయినా వదల్లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను.

సంగతేమిటంటే, దివాకరం గారు రాష్ట్ర క్రీడా వారసత్వ పరిరక్షణ మండలికి మా జిల్లా ప్రత్యేకాధికారి. మార్చి నెలాఖరులోగా ప్రతి జిల్లాలోనూ అంతర్జాతీయ స్థాయి క్రీడాకారుణ్ణి ఒకరిని గుర్తించి భద్రపరచాలని మండలి ఉత్తర్వు. గుర్తించకపోతే నిధులు వెనక్కి పోతాయి. పక్క జిల్లావాళ్ళు ఎవరో మహారాజు టెన్నిస్ బ్యాటు దొరికించుకుని హాయిగా కూర్చున్నారు. మా జిల్లాలో కబడ్డీ తప్ప ఏమీ దొరకలేదు. కబడ్డీ ఆడేవాళ్ళందరూ బతికే ఉన్నారు, బతికున్నవాళ్ళని భద్రపరచడం నిబంధనలకి విరుద్ధం.

దివాకరం గారు ఇంకో ముగ్గురు అధికారుల్నీ, నలుగురి భార్యల్నీ తీసుకుని అధ్యయనయాత్రకి ఇంగ్లండు వెళ్ళాడు. తిరిగొచ్చాక మిల్లు క్లబ్బులో సభ పెట్టారు. ఊరంతా వెళ్ళాం, ఉప్మా పెడతారన్నారు. డాబ్సన్ దొర ఫొటోకి బంతిపూల దండ వేసి, దివాకరం గారు మైకు ముందు నిలబడి ఆ మహానుభావుడి చరిత్ర చదివాడు. మా తాత చెప్పిందీ, ఆయన చదివిందీ కలిపి నాకు అర్థమైన మాటల్లో రాస్తున్నాను.

వాల్టర్ డాబ్సన్ నూలుమిల్లుల ఊరివాడు, మాలాగే. మొదటి పెద్ద యుద్ధంలోంచి రెండు కాళ్ళతో తిరిగొచ్చాడు. అప్పట్లో అదే పెద్ద అర్హత. బ్రాన్‌క్లిఫ్ రోవర్స్ అనే జట్టు ఆయన్ని వెనక వరసలో ఎడమవైపు ఆడమంది. పరుగు లేదు, తన్నుడు అంతంతమాత్రం. కానీ ఆయన దగ్గర ఒక విద్య ఉంది. ఆ రోజుల్లో బంతి అందుకోబోయేవాడికీ అవతలి గోలుగీతకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలని ఆఫ్‌సైడ్ రూలు. డాబ్సన్ మైదానం మధ్యగీత దాకా వచ్చి నిలబడేవాడు. అవతలివాడు తనని దాటి నిలబడగానే చెయ్యెత్తేవాడు. రిఫరీ విజిల్ వేసేవాడు, ఆట ఆగిపోయేది. ఆయన పరిగెత్తాల్సిన పనే లేదు. అయిదేళ్ళు ఇంగ్లండులో పేరున్న గోల్‌వీరులందరూ ఆయన చంకకింద ఆగిపోయారు. జనం ఆ ఆట చూడలేక తిట్టేవారట. పత్రికలవాళ్ళు దాన్ని శాస్త్రం అనేవారట.

పందొమ్మిది వందల ఇరవై అయిదు ఎండాకాలంలో రూలు మార్చేశారు. ముగ్గురు అక్కర్లేదు, ఇద్దరు చాలన్నారు. కొత్త సీజను మొదటి ఆటలో డాబ్సన్ ఎప్పట్లాగే మధ్యగీత దగ్గర నిలబడ్డాడు, ఎప్పట్లాగే చెయ్యెత్తాడు. అవతలివాడు ఆయన్ని దాటుకుని వెళ్ళి గోలు కొట్టాడు. విజిల్ లేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ గోలు. ఆరుసార్లు ఎత్తాడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి, కాలు విరగలేదు, తప్పు చెయ్యలేదు, ఎక్కడో ఎవరో కాగితం మీద మూడు కొట్టేసి రెండు వేశారు, అంతే. రిజర్వు జట్టుకి దింపారు, తరవాత చిన్న క్లబ్బుకి అమ్మేశారు, ఆ తరవాత బొగ్గుగని జట్టులో ఆడాడు, ఆ తరవాత గనీ లేదు జట్టూ లేదు. దేశమంతా పనుల్లేక వీధుల్లో నిలబడ్డ రోజులవి.

అప్పుడు మా మిల్లు మేనేజరుకి మిల్లుల మధ్య జరిగే కప్పు గెలవాలన్న పిచ్చి పట్టింది. ఫుట్‌బాల్ తెలిసిన మేస్త్రీ కావాలని లండను ఏజెంట్లకి రాశాడు. డాబ్సన్ ఓడ దిగి నీలాడపేట వచ్చాడు. వచ్చి మా తాతలకి ఆట నేర్పాడు. ఏ రూలు నేర్పాడనుకున్నారు? ముగ్గురి రూలు. మార్చిన సంగతి చెప్పలేదు. మా మైదానంలో ఆటగాడూ ఆయనే, రిఫరీ ఆయనే. లోకమంతటా చచ్చిపోయిన రూలు మా ఊళ్ళో మాత్రం రెండో పెద్ద యుద్ధం వచ్చి ఆయన వెళ్ళిపోయేదాకా బతికుంది. "సాయంత్రం మైదానంలోకి దిగితే దొర మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉండీది" అనేవాడు మా తాత.

సభలో ఎవరో చప్పట్లు కొట్టారు. దివాకరం గారు చెయ్యెత్తి ఆపి, "మిత్రులారా, ఈ మైదానం ఒక నాగరికతకు కట్టకడపటి ఆశ్రయము. దీనిని యథాతథముగా పునరుద్ధరించుటకు మండలి కృతనిశ్చయముతో ఉన్నది" అన్నాడు. ఉప్మాలో జీడిపప్పు కూడా వేశారు. నేను రెండోసారి పెట్టించుకున్నాను.

నెల తిరక్కుండా మొదటి ఉత్తర్వు వచ్చింది. నీలాడపేట మైదానం పరిధిలో ముగ్గురి రూలు మాత్రమే చెల్లును. పక్క ఊరి కాలేజీ జట్టుని పిలిచి వారసత్వ పోటీ పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు ఎటు కదిలినా విజిల్. బంతి తాకితే విజిల్, తాకకపోతే విజిల్. మావాళ్ళకి ఆనందం పట్టలేదు. మూడు తరాల తరవాత చెయ్యెత్తితే పనిచేస్తోంది. అయితే కాసేపటికి అవతలివాళ్ళూ తెలివి తెచ్చుకుని చేతులెత్తడం మొదలుపెట్టారు. ఆటలో రెండో సగమంతా ఇరవై మంది మధ్యగీతకి అటూ ఇటూ చేతులెత్తుకుని నిలబడ్డారు. బంతి మధ్యలో ఒక్కతే ఉంది. గోల్‌కీపర్లు కూర్చున్నారు.

"ఇదేటి ఆట మావా, బస్సుకి నిలబడ్డట్టుంది" అన్నాడు తవిటినాయుడు, బయటికొచ్చి నీళ్ళు తాగుతూ.

"నువ్వు గెలిచినావా?"

"నేదు."

"ఓడినావా?"

"నేదు."

"మరింకేటి. నీ జన్మలో ఇదే మంచి ఫలితం."

దివాకరం గారు పత్రికలకి ప్రకటన ఇచ్చాడు: క్రీడాస్ఫూర్తికి భంగం కలగకుండా, ఏ జట్టునూ నొప్పించకుండా ముగిసిన చారిత్రక పోటీ. పై అధికారులు ఆ ప్రకటన చదివి చాలా సంతోషపడి, పరిశీలనకి ఒక మట్టి నిపుణుణ్ణి పంపారు. అక్కడ మొదలైంది.

మట్టి నిపుణుడు మధ్యగీత దగ్గర గొయ్యి తవ్వి, డాబ్సన్ దొర నిలబడిన మట్టి పొర జానెడు లోతులో చెక్కుచెదరకుండా ఉందని తేల్చాడు. మీద ఎవరైనా మేకుల బూట్లతో పరిగెడితే ఆ పొర దెబ్బతింటుందని రాశాడు. దాంతో రెండో ఉత్తర్వు. మైదానం చుట్టూ ఇనుప కంచె వేశారు. గేటుకి బోర్డు పెట్టారు: ఫుట్‌బాల్ వారసత్వ మైదానము. ఇచ్చట బంతి ఆడుట నేరము.

తవిటినాయుడు జట్టుతో సహా దివాకరం గారి ఆఫీసుకి వెళ్ళాడు. పెద్దమనిషి ఒకడు వెంట ఉండాలని నన్నూ లాక్కెళ్ళాడు.

"మేం ఎక్కడ ఆడుకోవాలి సార్?"

"మీ ఆవేదన మండలికి విదితమే. ప్రత్యామ్నాయ క్రీడాస్థలముల విభాగము అట్టి అవసరమును పరిశీలించును."

"ఆ విభాగం ఎవరిది సార్?"

"అదనపు బాధ్యతలు నావే" అని ఆయన లేచి, నాలుగడుగులు వేసి, కిటికీ పక్కనున్న ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ ఇంకో పేరుపలక, ఇంకో స్టాంపు ఉన్నాయి. కూర్చుని, అప్పుడే మమ్మల్ని చూసినట్టు మళ్ళీ నమస్కారం పెట్టి, "చెప్పండి, ఏమి సమస్య?" అన్నాడు.

తవిటినాయుడు మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. ఆయన మళ్ళీ శ్రద్ధగా విన్నాడు. కంచె వేసినవాళ్ళ మీద కాస్త విసుక్కున్నాడు కూడా. తరవాత ఊరి పటం పరిచి, మైదానానికి ఆనుకుని ఉన్న ఒక ముక్క మీద వేలు పెట్టాడు.

ఆ వేలి కింద నా సరుగుడు ఉంది.

ఇంటికెళ్ళి చెబితే పోలమ్మ నమ్మలేదు. "దొర కాలు పెట్టిన మట్టి కోసరం నీ మట్టి అట్టుకుపోతారా? దొరకి మనమేటైనా అప్పున్నామేటి?" అంది. నాకేం తెలుసు. అభ్యంతరాల విచారణ ఉంటుందన్నారు. దానికి ఉతికిన చొక్కా వేసుకుని, తవిటినాయుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

"బావూ, నాది చిన్న ముక్క. ఫుట్‌బాలు ఆటకి సాలదు. టేపు ఎట్టి నానే కొలిసినాను. సగం మైదానమే పడతాది. ఒక గోలే పడతాది" అన్నాను. దీనికి జవాబు ఉండదనుకున్నాను.

దివాకరం గారి మొహం వెలిగింది. "అదియే మన అదృష్టము అసిరినాయుడు గారూ. డాబ్సన్ గారి సమగ్ర చరిత్రను మండలి పరిశోధించినది. స్వర్ణయుగములోని అయిదు సీజనులలో ఆయన మధ్యగీతను ఒక్కమారైనా దాటియుండలేదు. అంతటి క్రీడాజీవితము సగము మైదానములోనే పరిపూర్ణమైనది. కావున శాస్త్రీయముగా సగము మైదానము చాలును. మిగిలిన సగము దుబారా."

"మరి మేం గోలు ఎక్కడ కొడతాం సార్?" అన్నాడు తవిటినాయుడు.

"డాబ్సన్ గారు జీవితకాలములో ఎన్ని గోల్స్ చేసినారో మీకు తెలియునా?"

"తెల్దు."

"ఒకటి. అది సొంత గోలులో. అనగా ఆ గోలు కూడా ఈ సగములోనే లభ్యము."

బయటికొచ్చాక మండల ఆఫీసు దగ్గర ప్లీడరు ఒకాయన నాకు ధైర్యం చెప్పాడు. కోర్టుకి వెళ్తే స్టే వస్తుంది, ఆ వారసత్వం కాగితాలు నిలబడవు అన్నాడు. వెళ్దామనే అనుకున్నాను. ఆ సాయంత్రం తవిటినాయుడు ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ ఉండిపోయాడు.

"సెప్పరా."

"నువ్వు కోర్టుకెళ్తే ఎన్నేళ్ళు పడతాది మావా?"

"ఎన్నైనా పడతాది."

"అప్పటికి మేం ముసిలోళ్ళమైపోతాం." తల దించుకున్నాడు. "సగమైనా మేలే మావా. ఒక గోలైనా మేలే. పొద్దంతా ఆటో తోలి, సాయంత్రం ఆడకపోతే నాకు నిద్దర పట్టట్లేదు. నీ కాళ్ళట్టుకోమంటే అట్టుకుంటాను."

లోపల్నుంచి పోలమ్మ అంది: "కాళ్ళు కాదురా, నా స్లాబట్టుకుపో."

వాడు నవ్వలేదు. నేను గోడ మీద బొగ్గు గదుల్ని చూశాను. వంటిల్లు కొంచెం పెద్దదిగానే గీసుకుంది. మా తాత గోల్‌కీపరు. నాన్న కూడా ఆడాడు. నేనూ ఆడాను, చెయ్యెత్తాను, ఓడాను. మిల్లు పోయిన ఏడాది ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి సరిగ్గా వెలగని రోజుల్లో కూడా సాయంత్రం అయ్యేసరికి ఆ మైదానంలో బంతి ఉండేది. నేను ప్లీడరు దగ్గరికి వెళ్ళలేదు. భూమి ఇస్తున్నట్టు సంతకం పెట్టాను. ఉదారంగా ఏమీ పెట్టలేదు, పళ్ళు కొరుక్కుంటూ పెట్టాను. పోలమ్మ ఆ రాత్రి అన్నం వడ్డించి, కూర వెయ్యలేదు.

సరుగుడు కొట్టేశారు. కోతకి ఇంకొక్క వర్షాకాలం తక్కువ. కొట్టిన కట్టెపేళ్ళయినా నాకిమ్మన్నాను, అవి ప్రాజెక్టు ఆస్తి అన్నారు. మొదళ్ళు పీకి, రోలరు తిప్పి, చివర్న తెల్లటి గోలుపోస్టు ఒకటి నిలబెట్టారు. చూడ్డానికి బాగుంది, అబద్ధమెందుకు. తవిటినాయుడు జట్టుకి నీలం చొక్కాలు కుట్టించాడు. ప్రారంభానికి సన్నాయి పెట్టించాడు. రిబ్బను నన్నే కత్తిరించమన్నారు. కత్తెర పట్టుకున్నాను.

అప్పుడు దివాకరం గారి జీపు వచ్చింది. ఆయన చేతిలో కాగితం ఉంది. ముఖం నిజంగానే బాధగా ఉంది.

"క్షమించాలి. ఈ స్థలములో ఆట ప్రారంభించుటకు వీలుపడదు" అన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాడు తవిటినాయుడు.

"వారసత్వ కట్టడమునకు నూరు మీటర్ల పరిధిలో బంతి ఆటలు నిషిద్ధము. ఈ స్థలము ఆ మైదానమును ఆనుకొనియే ఉన్నది."

"ఈ స్థలం చూపించింది మీరే గదా సార్."

"ప్రత్యామ్నాయ విభాగము చూపినది. నేను పరిరక్షణ విభాగము తరఫున వచ్చితిని. ఆ విభాగము వారు మమ్ము ముందుగా సంప్రదించవలసినది. వారికి ఘాటుగా లేఖ వ్రాసితిని."

"ఆళ్ళేటన్నారు?"

"జవాబు ఇంకను ఇవ్వలేదు. వారికి పని ఒత్తిడి ఎక్కువ" అన్నాడు దివాకరం గారు, సానుభూతిగా.

సన్నాయివాడు ఊదడం ఆపేశాడు. నేను కత్తెర జేబులో పెట్టుకుని ముందుకెళ్ళాను.

"బావూ, ఆట నేదు గదా. అయితే నా భూమి నాకిచ్చీండి. మళ్ళీ సరుగుడు ఏసుకుంటాను. సరుగుడు బంతి ఆడదు."

"భూమి ప్రజాప్రయోజనార్థము సేకరింపబడినది. ఆ ప్రయోజనము రద్దు కాలేదు, కేవలము నిలుపుదల చేయబడినది. ప్రయోజనము జీవించియుండగా భూమిని వెనుకకు ఇచ్చుట చట్టసమ్మతము కాదు."

"పోనీ పరిహారమైనా?"

"అది కూడ పరిశీలించితిమి. నూరు మీటర్ల పరిధిలో కట్టడములు కట్టరాదు, తవ్వరాదు, నాటరాదు. అట్టి భూమికి మార్కెట్టు విలువ ఉండదు. విలువ లేనిదానికి వెల కట్టుట ప్రభుత్వధనము దుర్వినియోగము. మీవంటివారు అర్థము చేసుకొందురు."

తవిటినాయుడు నా వైపు చూడలేకపోయాడు. కొత్త నీలం చొక్కా విప్పి, మడతపెట్టి, ఆటో సీటు కింద పెట్టుకున్నాడు. "మావా, నిన్ను ఎక్కించుకెళ్తాను రా" అన్నాడు. నడిచి వెళ్తానన్నాను. వాడు ఆటో స్టార్టు చెయ్యకుండా తోసుకుంటూ నా పక్కనే ఇంటిదాకా నడిచాడు. ఇంటి ముందుకొచ్చాక పోలమ్మ వాణ్ణి చూసి, ఒక తిట్టు తిట్టి, చారు తాగి పొమ్మంది.

దివాకరం గారికి రెండు విభాగాల తరఫునా ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఒకటి స్థలం చూపించినందుకు, ఒకటి ఆపినందుకు. ఇప్పుడు రాజధానిలో ఉన్నాడు. మా జట్టు పాత రైల్వే గోడౌను ముందు సిమెంటు రోడ్డు మీద ఆడుతోంది. లారీ వస్తే ఆగుతారు.

నాకు ఎవరూ పత్రం ఇవ్వలేదు కాబట్టి నా వివరం నేనే రాసుకుంటున్నాను. నీలాడపేట రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు అరవై ఒకటిలో మూడు, మెట్ట, ఎనభై ఏడు సెంట్లు.